కోరాపుట్ వైపు విశ్వవిద్యాలయ పరిశోధన భవనం: డీపీఆర్‌లో ఏం మర్చిపోకూడదు?

జయపురం_మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒడిశాలో అవిభక్త కోరాపుట్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి పరిశోధన బ్లాకు కట్టాలని ప్రతిపాదన నడుస్తోంది. జీ ప్లస్ 2, మొత్తం దాదాపు 4,000 చదరపు మీటర్లు. 12 ల్యాబులు, రెండు పరికరాల గదులు, ఒక లైబ్రరీ హాలు. స్థలం కొంచెం వాలు, ఎర్ర మట్టి, అక్కడక్కడ రాయి తేలింది. డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) చిత్తు ప్రతి చూశాను. ప్లాను, ముందు వైపు బొమ్మ, చదరపు మీటరుకి ఇంత అని ఒక రేటు తప్ప అందులో ఇంకేమీ లేదు.

తెలిసినవాళ్లని మూడు సంగతులు అడగాలని ఉంది.

మొదటిది, ఇలాంటి భవనానికి మామూలు తరగతి గదుల బ్లాకు రేటు వేస్తే ఎక్కడ దెబ్బ తింటాం? రెండోది, మన వాన, మన చలి, మన మట్టికి కట్టుబడిలో ఏం జాగ్రత్తలు రాయించాలి? మూడోది, ఊళ్లో అందరూ అడిగేది: "కట్టడం మీది సరే, మాకేంటి?" ఇటుక బట్టీ వాళ్లకి, మేస్త్రీలకి, రైతులకి నిజంగా ఏమైనా మిగలాలంటే టెండరులో ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు?

"అభివృద్ధి జరుగుతుంది" లాంటి మాటలు వద్దు. అంకెలతో చెప్పండి.

---

బరంపురం_సైటింజనీరు

మాస్టారూ, రెండో ప్రశ్న నా పని కాబట్టి అక్కణ్ణించి మొదలెడతాను.

వాలు స్థలం అన్నారు. ఒక పక్క తవ్వి ఆ మట్టి రెండో పక్క పోసి చదును చేస్తారు. భవనం సగం తవ్విన గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద పడుతుంది. రెండేళ్లలో సరిగ్గా ఆ గీత మీదే గోడలు చీలతాయి. మార్గాలు రెండే. పునాదులన్నీ అసలు నేల దాకా దింపడం, లేదా భవనాన్ని వాలుకి మెట్లుగా విడదీసి మధ్యలో జాయింటు ఇవ్వడం. సాయిల్ టెస్టు బోరులు నాలుగు మూలలా వేయించండి, మధ్యలో ఇంకొకటి. రాయి తేలిందన్నారు కదా, అది పరుపు రాయా, మట్టిలో దొర్లిన బండా అన్నది బోరు చెప్పాలి. బండని పరుపు అనుకుని ఫుటింగ్ (పునాది అడుగు) దాని మీద కూర్చోబెట్టే ప్రమాదం మన వైపు ఎక్కువ. రిటైనింగ్ గోడకి 75 నుంచి 100 మిల్లీమీటర్ల నీటి రంధ్రాలు, వెనకాల కంకర వడపోత పొర బొమ్మలోనే ఉండాలి. వాన నీరు గోడ వెనక నిలిస్తే మట్టి కంటే ఆ నీటి ఒత్తిడే గోడని తోస్తుంది.

కాంక్రీటు. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి తెచ్చే కాంక్రీటు) లారీ వస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నీళ్లు కలిపిన రెండు గంటల్లో కాంక్రీటు దిగిపోవాలని రెడీమిక్స్ ప్రమాణం. ఘాటులో ఒక లారీ అడ్డం పడితే ఆ రెండు గంటలూ అక్కడే అయిపోతాయి. ఆలస్యమైన లారీలో డ్రైవరు నీళ్లు కొడతాడు, స్లంపు (జారుడుతనం) బాగుంటుంది, బలం పోతుంది. ఇంత పనికి సైటులోనే తూకం వేసే చిన్న బ్యాచింగ్ ప్లాంటు పెట్టాలని టెండరులో రాయించండి.

వానాకాలంలో ఇసుక తడి అన్నది అసలైన దొంగ. లెక్క చూడండి. ఎం 25 రకం కాంక్రీటుకి ఒక ఘనపు మీటరులో సిమెంటు 340 కిలోలు, నీళ్లు 170 లీటర్లు అనుకుంటే నీరు, సిమెంటు నిష్పత్తి 0.50. ఇసుక 700 కిలోలు, అందులో 5 శాతం తడి ఉంటే 35 లీటర్ల నీళ్లు చెప్పకుండా లోపలికి వచ్చేస్తాయి. మేస్త్రి మామూలుగా 170 పోస్తాడు. మొత్తం 205, నిష్పత్తి 0.60. కాంక్రీటు కోడు ఐఎస్ 456 మోస్తరు వాతావరణానికి ఒప్పుకునేది 0.50 వరకే. పైగా గమేళాలతో కొలిస్తే తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, కొలత నిండినా ఇసుక తక్కువే పడుతుంది. అందుకే తూకం. అందుకే రోజూ పొద్దున్న ఇసుకని పెనంలో వేయించి తడి ఎంతో చూడటం. పావుగంట పని అది.

క్యూబుల (బలం చూడ్డానికి పోసే కాంక్రీటు దిమ్మెల) సంగతి. ఒక రోజు 60 ఘనపు మీటర్లు పోస్తే 5 శాంపిళ్లు తీయాలి: 50 దాకా నాలుగు, ఆపైన ప్రతి 50కీ, అందులో భాగానికీ ఒకటి. శాంపిలుకి 3 క్యూబులు, అంటే 28 రోజులకి 15. ఏడు రోజులకి చూసుకోవాలంటే విడిగా ఇంకొన్ని. బిల్లుకి "6 క్యూబులు పాస్" అని ఒక కాగితం పెడితే ఏ పోతవి, ఏ తేదీవి అని అడగండి.

ఇక మన వైపు ఎవరూ పట్టించుకోనిది చలి. శ్లాబు కింద సపోర్టులు, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు అయితే 7 రోజులకి, ఆపైన 14 రోజులకి. బీముల కింద 6 మీటర్ల లోపు 14, ఆపైన 21 రోజులకి తీయొచ్చని కోడు. కానీ అది మామూలు ఓపీసీ సిమెంటుకి, వాతావరణం 15 డిగ్రీలకి తగ్గనప్పుడు. సునాబెడ, కోరాపుట్‌లలో డిసెంబరు, జనవరి రాత్రులు దానికి బాగా కిందికి పోతాయి. పైగా వాడేది పీపీసీ, మొదట్లో మెల్లగా గట్టిపడే రకం. సెంట్రింగ్ వాడికి రేకులు పక్క సైటుకి కావాలి, ఏడో రోజు సూర్యోదయానికే వచ్చి నిలబడతాడు. ఆ చలిలో రోజులు లెక్కపెట్టొద్దు. శ్లాబు పక్కనే, అదే చలిలో ఉంచిన క్యూబులు పగలగొట్టి బలం చూశాకే తీయించండి. క్యూరింగు కూడా పీపీసీకి కనీసం 10 రోజులు.

మిద్దె నీళ్లు: 4,000 మీటర్లు మూడు అంతస్తులంటే పైకప్పు దాదాపు 1,330 చదరపు మీటర్లు. గంటకి 100 మిల్లీమీటర్ల వానకి 100 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి 42 చదరపు మీటర్లకి మించి లాగలేదు. అంటే 32 గొట్టాలు. బొమ్మలో డజను కనిపిస్తే అక్కడే ఆపి అడగండి. వాలు 1:100కి తగ్గకూడదు. వాటర్‌ప్రూఫింగు అయ్యాక నీళ్లు కట్టి 48 గంటలు ఉంచి, కింద శ్లాబు చూసుకున్నాకే బిల్లు.

తుపాను గాలి మీకు బరంపురం అంత కాదు. తీరం నుంచి 60 కిలోమీటర్ల పట్టీలో ఉన్నవాళ్లకి ఐఎస్ 875 (భవనం మీద పడే బరువులు, గాలి లెక్కల కోడు) మూడో భాగంలో తుపాను గుణకం ఉంది. తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన భవనానికి అది 1.30. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. పర్లాకిమిడి, గుణుపూర్ వైపు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ గుణకం మీ స్థలానికి వర్తిస్తుందో లేదో మ్యాపు మీద కొలిచి చూడండి. తిత్లీ గజపతి జిల్లాలో వానతో, కొండచరియలతో చేసిన నష్టం గాలి లెక్కలో కనపడదు. వాలు కింద స్థలం తీసుకోకపోవడమే దానికి మందు.

---

ల్యాబ్_సర్వీసులు_విశాఖ

మొదటి ప్రశ్నకి వస్తాను. తరగతి గదుల రేటు వేస్తే ఆదిలోనే హంసపాదు. ల్యాబు భవనంలో గోడలూ శ్లాబూ సులువైన భాగం. గాలి, కరెంటు, గ్యాసు, నీరు, మురుగు: డబ్బంతా అక్కడ పోతుంది. ల్యాబులు 12 ఉంటే సర్వీసులకి మొత్తం అంచనాలో మూడో వంతు దాకా విడిగా చూపించమంటాను. చూపించకపోతే చివర్లో కోసేది వాటినే. అప్పుడు భవనం ప్రారంభమవుతుంది, ల్యాబు మాత్రం మొదలుకాదు.

అంతస్తు ఎత్తు ముందు. తరగతికి 3.6 మీటర్లు చాలు. ల్యాబుకి శ్లాబు నుంచి శ్లాబుకి 4.2 నుంచి 4.5 మీటర్లు కావాలి. బీము కింద నుంచి గాలి డక్టు, దాని కింద కేబుల్ ట్రే, దాని కింద దీపాలు. 3.6లో ఇవన్నీ ఇరికిస్తే తల తగులుతుంది, లేదా డక్టు సన్నబడి మోత పెడుతుంది. ఇది తర్వాత సరిదిద్దుకునే విషయం కాదు.

ఫ్యూమ్‌హుడ్ (రసాయనాల పొగ బయటికి లాగే గూడు) లెక్క: 1.5 మీటర్ల వెడల్పు హుడ్, అద్దం 0.45 మీటర్లు ఎత్తితే తెరుచుకున్న వైశాల్యం 0.675 చదరపు మీటర్లు. లోపలికి గాలి సెకనుకి 0.5 మీటర్ల వేగంతో పోవాలి. గంటకి 1,215 ఘనపు మీటర్లు. పది హుడ్లు ఒకేసారి నడిస్తే 12,150. అంత గాలి బయటికి పోతుంటే అంత గాలీ ఎక్కణ్ణించో లోపలికి రావాలి. దానికి దారి ఇవ్వకపోతే తలుపులు లాగినా రావు, హుడ్లు ఒకదాని గాలి ఇంకొకటి లాక్కుంటాయి, యాసిడ్ పొగ కారిడారులోకి వస్తుంది. చాలా డీపీఆర్‌లలో బయటికి పంపే ఫ్యాను ఉంటుంది, లోపలికి పంపే ఏర్పాటు ఉండదు. చిమ్నీ మిద్దె దాటి కనీసం 3 మీటర్లు పైకి. దాని పొగ గాలికి కొట్టుకుపోయే వైపు ఏసీ గాలి తీసుకునే చోటు ఉండకూడదు.

బరువులు: ఐఎస్ 875 రెండో భాగంలో తరగతి గదికి చదరపు మీటరుకి 3 కిలోన్యూటన్లు. పుస్తకాల ర్యాకులకి 2.2 మీటర్ల ఎత్తు వరకు 6, ఆపైన ప్రతి మీటరుకి ఇంకో 2. లైబ్రరీ హాలు రెండో అంతస్తులో పెట్టి, తర్వాత అందులో ర్యాకులు నింపుతామంటే కుదరదు. ర్యాకులు కిందికి దించండి, చదువుకునే బల్లలు పైకి పంపండి.

పరికరాల గదులు రెండూ నేల మీదే. ట్రాన్స్‌ఫార్మరు, లిఫ్టు, జనరేటరు, లారీలు తిరిగే దారి, ఇవన్నీ దూరంగా ఉండాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి అదురు పడదు, అయస్కాంత క్షేత్రం అసలే పడదు. గది ఎక్కడో తేల్చుకున్నాక ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడో తేల్చాలి. మన దగ్గర ఎప్పుడూ తిరగేసి జరుగుతుంది.

ఎన్ఎంఆర్ (అయస్కాంతంతో అణువుల నిర్మాణం చూసే యంత్రం) గురించి ఒక మాట, కాస్త కటువుగానే. పెద్ద అయస్కాంతం కొంటే ద్రవ నైట్రోజన్ వారం పది రోజులకోసారి, ద్రవ హీలియం కొన్ని నెలలకోసారి పోస్తూనే ఉండాలి. ఘాటు ఎక్కి హీలియం సకాలంలో రాకపోతే అయస్కాంతం చల్లదనం పోయి ఒక్కసారిగా ఆవిరి చిమ్ముతుంది. దాని గొట్టం బయటికి, గదిలో ఆక్సిజన్ తగ్గితే అరిచే సెన్సరు. ఇంతా చేసి ఏడాదికి ఎన్ని శాంపిళ్లు? శాంపిళ్లని బరంపురమో విశాఖో పంపుకుని, ఇక్కడ క్రయోజెన్ (ఇలాంటి అతి చల్లని ద్రవం) అక్కర్లేని బల్ల మీది చిన్న మోడలు పెట్టుకోవడమే తెలివి.

కరెంటు: ఈ ల్యాబులకి 400 నుంచి 500 కేవీఏ దాకా పోవచ్చు. పరికరాల జాబితా లేకుండా ఆ అంకె ఎవరు చెప్పినా ఊహే, నాదీ అంతే. జాబితా ముందు తెప్పించండి. పరికరాలకి విడి ఎర్తు, 1 ఓమ్ లోపు. న్యూట్రల్, ఎర్తు మధ్య 2 వోల్టులు దాటకూడదు. మెరుపులు ఎక్కువ పడే ప్రాంతం కాబట్టి మిద్దె మీద లైట్నింగ్ అరెస్టరు ఒక్కటే చాలదు, ప్యానెల్లో సర్జ్ ప్రొటెక్షన్ కూడా రాయించండి. హెచ్‌టీ (హై టెన్షన్) లైను డిపాజిట్టు ఎవరి పద్దులోంచి కట్టాలో డీపీఆర్‌లోనే తేల్చండి. కట్టిన భవనం కరెంటు కోసం నెలలు కూర్చోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

మురుగు: యాసిడ్ సింకులది విడి గొట్టం, పాలీప్రొపిలీన్ లేదా హెచ్‌డీపీఈ. నేరుగా సెప్టిక్ ట్యాంకుకి కాదు, న్యూట్రలైజేషన్ ట్యాంకుకి. సిలిండర్లు భవనం బయట గదిలో, హైడ్రోజన్ ఆక్సిజన్ పక్కపక్కన పెట్టకూడదు.

---

ధర్మాబాద్_సివిల్

మాది నాందేడ్ వైపు నల్లరేగడి, మీ ఎర్రమట్టి కాదు. అయినా ఇది చదివే గడ్చిరోలి, యవత్మాళ్ వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. నల్లరేగడిలో మామూలు ఫుటింగ్ వేస్తే వేసవిలో నేల కుంగి, వానలో ఉబ్బి గోడలు ఏటా చీలతాయి. అండర్‌రీమ్డ్ పైళ్లు (కింది భాగం ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) వేయించండి. మట్టి కదలిక ఆగే లోతు దాకా, కనీసం 3.5 మీటర్లు. ఉబ్బెత్తు భాగం వ్యాసం పైలు వ్యాసానికి రెండున్నర రెట్లు. పైళ్ల మీది బీముకీ నేలకీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో మేస్త్రి మట్టి కూరేస్తాడు, చూడ్డానికి బాగుండదని. ఉబ్బిన నేల అక్కడే బీముని పైకి నెడుతుంది. చుట్టూ ఒకటిన్నర మీటర్ల వెడల్పున నీరు ఇంకని గచ్చు, చెట్లు దూరంగా. ఇంతే.

---

రాయగడ_మెటీరియల్స్

మూడో ప్రశ్న మా బాధే కాబట్టి దాని మీద రాస్తాను.

"స్థానిక కాంట్రాక్టరుకే ఇవ్వాలి" అని టెండరులో రాస్తే అది నిలబడదు, ఎవరో ఒకరు కోర్టుకెక్కుతారు, పని ఆగిపోతుంది. మరో వైపు, స్థానికులకి అందేలా పనిని ముక్కలు చేద్దామంటే పై అధికారి మంజూరు తప్పించుకోడానికి విడగొట్టారని ఆడిట్ రాస్తుంది. ఈ రెండింటి మధ్య సందు చిన్నదే కానీ ఉంది.

ఒకటి, స్పెసిఫికేషను. బూడిద ఇటుక అని కోడు నంబరుతో రాయండి. బొగ్గు థర్మల్ ప్లాంటుకి 300 కిలోమీటర్ల లోపు నిర్మాణాలు బూడిద ఉత్పత్తులు వాడాలని 2021 డిసెంబరు నోటిఫికేషను ఉంది, ధర మిగతావాటికి మించనంత వరకు. దమన్‌జోడి రిఫైనరీ పవర్ ప్లాంటు బూడిద మన గుమ్మంలోనే ఉంది. ఇటుక బరువు సరుకు, దూరం నుంచి తెస్తే రవాణా తడిసి మోపెడవుతుంది. కాబట్టి స్పెసిఫికేషను సరిగ్గా రాస్తే ఆర్డరు దానంతటదే దగ్గరి యూనిట్‌కి వస్తుంది, "లోకల్" అన్న మాట ఎక్కడా రాయనక్కర్లేదు.

మా వాళ్లకీ ఒక మాట. ఆర్డరు వచ్చిందని పచ్చి ఇటుక ఎక్కించేస్తున్నారు. 21 నుంచి 28 రోజులు తడిపి ఆరనివ్వని ఇటుక గోడలో ముడుచుకుంటుంది, ప్లాస్టరు మీద జల్లెడలాగా గీతలు పడతాయి. నీరు పీల్చుకోవడం 20 శాతం దాటకూడదు, బలం 7.5 క్లాసు అడుగుతారు. సైటులో ఒక ఇటుకని 24 గంటలు నీళ్లలో వేసి ముందూ వెనకా తూచితే తేలిపోతుంది. కాలమ్, ఇటుక గోడ కలిసే చోట 200 మిల్లీమీటర్లకి తగ్గని చికెన్ మెష్ కొట్టకపోతే ఆ గీత మీద పగులు రావడం ఖాయం, ఇటుక ఎవరిదైనా సరే.

రెండు, ప్యాకేజీలు. సివిల్, కరెంటు, ప్లంబింగ్ ఒకే కాంపోజిట్ టెండరుగా పోనివ్వండి, అది పెద్దవాళ్లదే. ల్యాబు బల్లలు, తరగతి ఫర్నిచరు, ప్రహరీ, చెట్ల పెంపకం, ఐదేళ్ల మెయింటెనెన్సు ఇవి స్వభావం రీత్యానే వేరు పనులు. వీటిని విడిగా పిలిస్తే విడగొట్టినట్టు కాదు. చిన్న పరిశ్రమలకి 25 శాతం కొనుగోలు అని కేంద్రం 2012 విధానం పట్టుకుని కొందరు వాదిస్తారు. అది కేంద్ర శాఖలకీ, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకీ, అదీ సరుకులూ సేవలకే. వర్క్స్ కాంట్రాక్టుకి వర్తించదు. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి రాష్ట్ర నియమాలు చూడాలి.

మూడు, కాగితాలు. ఇసుక, కంకర, మొరం దేనికైనా వై ఫారం (ఖనిజం తరలింపు అనుమతి కాగితం) లేకపోతే బిల్లులో రాయల్టీ కోసేస్తారు, కొన్నిసార్లు జరిమానాతో. చిన్న ట్రాక్టరు వాళ్లు నష్టపోయేది ఇక్కడే. లీజు ఉన్న రేవు నుంచే ఎత్తండి, ట్రిప్పు ట్రిప్పుకీ ఫారం ఉంచుకోండి. కాంట్రాక్టరు నుంచి నిర్మాణ సెస్సు 1 శాతం పోతుంది. ఆ డబ్బు మేస్త్రీకి తిరిగి రావాలంటే అతను కార్మిక సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. 18 నుంచి 60 ఏళ్ల వయసు, గడిచిన ఏడాదిలో 90 రోజుల పని. ఆ 90 రోజుల కాగితం కాంట్రాక్టరు ఇవ్వాలని టెండరు షరతుల్లో ఒక వాక్యం రాయించండి మాస్టారూ. ఖర్చులేని వాక్యం, కూలి మనిషికి పింఛను దాకా పనికొస్తుంది.

స్థలం హక్కుల గురించి ఎవరూ అనలేదు. కోరాపుట్, రాయగడ మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 రెగ్యులేషను ప్రకారం గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోదు. సేకరణ అయితే పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం) కింద గ్రామసభని ముందు సంప్రదించాలి. అటవీ హక్కుల చట్టంలో హెక్టారు లోపు అడవి భూమి మళ్లించే వెసులుబాటు ఉంది కానీ ఆ జాబితాలో బడులు, వృత్తి శిక్షణ కేంద్రాలు ఉన్నాయి తప్ప విశ్వవిద్యాలయ భవనం లేదు. పట్టా, అడంగలు మాత్రమే కాదు, అటవీ శాఖ మ్యాపు మీద కూడా గీత చూసుకున్నాకే బోరు వేయించండి.

---

జయపురం_మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. మా కమిటీకి ఒక్కో ముక్కా అచ్చువేసి ఇచ్చేలా ఉంది. ఇంకో రెండు అనుమానాలు.

క్యాంపస్ మొత్తం కలిపితే తర్వాత ఇంకా బ్లాకులు వస్తాయి. పర్యావరణ అనుమతి కావాలా? విద్యాసంస్థలకి మినహాయింపు ఉందని ఒకరన్నారు. రెండోది, ఈ ల్యాబులు ఊరికి సేవ చేసి తమ ఖర్చు తామే కొంత తెచ్చుకోవాలంటే ఏ పరీక్షలతో మొదలెట్టాలి?

---

బరంపురం_సైటింజనీరు

మీ 4,000 మీటర్ల బ్లాకు ఒక్కటే అయితే అక్కర్లేదు. హద్దు 20,000 చదరపు మీటర్ల నిర్మిత వైశాల్యం. విద్యాసంస్థల మినహాయింపుని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి మాస్టర్‌ప్లానులో మొత్తం ఆ అంకె దాటితే ఇప్పుడే మొత్తానికి అడగండి. బ్లాకు బ్లాకుగా విడివిడిగా చూపిస్తే ఆ తర్వాత చిక్కు.

ఇంకొకటి, భవనం అయ్యేదాకా పరిశోధన ఆపక్కర్లేదు. బరంపురం ఐసర్ (కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ) 2016లో ఐటీఐ భవనంలోనే మొదలైంది, లౌడిగాం క్యాంపస్ తర్వాత వచ్చింది. 2009లో పెట్టిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా లాండిగుడలో తాత్కాలికంగా నడిచే సునాబెడకి వెళ్లింది. ఉన్న గదిలో ఒక పరీక్ష ఈ ఏడాదే మొదలెడితే, కొత్త భవనం తలుపు తెరిచేనాటికి నడిపే మనుషులు తయారుగా ఉంటారు.

ఆ ఒక పరీక్ష ఏదంటే, నా లెక్కలో కాంక్రీటు, కంకర, మట్టి పరీక్ష. పీడబ్ల్యూడీ, గ్రామీణ రోడ్లు, ఇళ్ల పథకాలు అన్నిటికీ క్యూబులు కావాలి. 2,000 కిలోన్యూటన్ల కంప్రెషన్ మెషీను చాలు. 150 మిల్లీమీటర్ల క్యూబు ఎం 40 అయినా 900 కిలోన్యూటన్ల చుట్టూ పగులుతుంది. 1,000 మెషీను కొంటే ఎప్పుడూ అంచు మీద నడుస్తుంది, బాగా వచ్చిన క్యూబు పగలనే పగలదు. భారం పెంచే వేగం నిమిషానికి 315 కిలోన్యూటన్లు, అంటే సెకనుకి 5.25. చేత్తో తిప్పే పాత పంపులో ఈ వేగం నిలవదు. గబగబా పెంచితే బలం ఎక్కువ చూపిస్తుంది. అందుకే వేగం తనే పట్టుకునే ఆటోమేటిక్ రకం కొనండి. క్యూబుల తొట్టి 27 డిగ్రీలు, రెండు అటూ ఇటూ. చలికాలంలో తొట్టిలో హీటరు లేకపోతే మీ ఊళ్లో అది కుదరదు.

---

ల్యాబ్_సర్వీసులు_విశాఖ

రెండో పరీక్షగా నీరు. మూడోది మీకే ప్రత్యేకం, విత్తనం. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వారసత్వ వ్యవస్థగా గుర్తించింది, కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. దేశీ వరి విత్తనాలు దాచి, మొలక శాతం చూసి ఇచ్చే గది ఒకటి పెడితే రైతు గుమ్మం తొక్కుతాడు. కానీ ఆ గదిని ఏసీ గదిగా రాయకండి. విత్తనం ఆరబెట్టే గదికి 5 నుంచి 20 డిగ్రీలు, తేమ 10 నుంచి 25 శాతం కావాలి. ఏసీ చల్లబరుస్తుంది కానీ మన వానాకాలంలో తేమని అంత కిందికి దించలేదు. తేమ పీల్చే చక్రం ఉన్న డెసికెంట్ డీహ్యూమిడిఫయరు విడిగా రాయాలి. గోడలకీ తలుపుకీ ఇన్సులేటెడ్ ప్యానెళ్లు, ఆవిరి లోపలికి రాకుండా పొర. ఆ పొర గోడ బయటి వైపు, వెచ్చటి వైపు ఉండాలి. లోపలి వైపు వేస్తే గోడ మధ్యలో నీరు పట్టి బూజు వస్తుంది. డీహ్యూమిడిఫయరుకి జనరేటరు లైను తప్పనిసరి.

రిపోర్టుకి విలువ రావాలంటే ఎన్ఏబీఎల్ (ల్యాబుల్ని పరిశీలించి గుర్తించే బోర్డు) గుర్తింపు కావాలి, దాని ప్రమాణం ఐఎస్ఓ 17025. అది భవనానికి ఇచ్చేది కాదు, ఒక్కో పరీక్షకి ఇచ్చేది. ఒకేసారి 40 పరీక్షలకి దరఖాస్తు పెట్టకుండా నాలుగైదుతో వెళ్లండి. దరఖాస్తు పెట్టేముందే పద్ధతులు రాసి ఉండాలి, మెషీన్లు కాలిబ్రేట్ అయి ఉండాలి, ఇంటర్నల్ ఆడిట్ ఒకటి, మేనేజ్‌మెంట్ రివ్యూ ఒకటి జరిగి ఉండాలి, వేరే ల్యాబులతో పోల్చి చూసే పరీక్షలో పాల్గొని ఉండాలి. దీనికి ఒక శాశ్వత టెక్నికల్ మనిషి కావాలి. పీహెచ్‌డీ విద్యార్థులతో నడిపితే వాళ్లు థీసిస్ ఇచ్చి వెళ్లిన నెలలో సంతకం పెట్టేవాడు ఉండడు, గుర్తింపూ నిలవదు. ఆ పోస్టు, ఏటా కాలిబ్రేషన్ ఖర్చు, మెషీన్ల ఏఎంసీ (ఏటా మరమ్మతు ఒప్పందం), ఈ మూడూ డీపీఆర్‌లో "నిర్వహణ" అన్న పద్దు కింద ఐదేళ్లకి చూపించండి. భవనం గ్రాంటులోంచి జీతం ఇవ్వరు, కాబట్టి ఆ డబ్బు రాష్ట్రం ఇస్తుందా, విశ్వవిద్యాలయం ఇస్తుందా అన్నది మంజూరు కాగితంలోనే ఒక లైనుగా ఉండాలి.

---

రాయగడ_మెటీరియల్స్

దానికి తోడు, పరీక్ష ఫీజు విశ్వవిద్యాలయ సాధారణ ఖాతాలోకి పోకుండా ల్యాబు పేరిట విడి ఖాతా తెరిపించండి. రియేజెంటు సీసా అయిపోతే కొనడానికి ఆర్థిక విభాగం ఫైలు తిరిగొచ్చేదాకా మా క్యూబులు మీ వరండాలో ఎండుతుంటాయి.

---

జయపురం_మాస్టారు

విడి ఖాతా సంగతి రాసుకున్నాను. పరికరాల జాబితా విభాగాల నుంచి ఈ వారమే అడుగుతాను. అది వచ్చాక కరెంటు లోడు లెక్క ఇక్కడే పెడతాను, విశాఖ గారు ఒకసారి చూసి పెట్టాలి.

---

ల్యాబ్_సర్వీసులు_విశాఖ

తప్పకుండానండి. జాబితాలో పరికరం పేరు ఒక్కటే రాయించకండి. వాట్లు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, బరువు, ఎంత వేడి విడుస్తుంది, నీరు గ్యాసు ఏం కావాలి, తలుపు వెడల్పు ఎంత ఉంటే లోపలికి పోతుంది, ఈ ఆరు గడులు పెట్టండి. చివరిది నవ్వులాటకి కాదు. 1.2 మీటర్ల తలుపులోంచి పట్టని ఫ్యూమ్‌హుడ్ కోసం కొత్త గోడ పగలగొట్టడం చాలాచోట్ల జరుగుతూనే ఉంది.